డిష్ గొడుగునకు పొడుగుగడ యేల?

గత వేసవిలో మినుము, పెసర ప్రదర్శన క్షేత్రముల పనిమీద మేము మండలములోని తొమ్మిది గ్రామములు తిరిగితిమి. పంటలను గూర్చి వేరొక సంచికలో వ్రాయుదుము. ఇప్పుడు వ్రాయబూనినది ఇండ్ల కప్పులను గూర్చి. ఏ గ్రామమునకు పోయినను ఒకటే దృశ్యము. పెంకుటింటి మూలవాసమునకు గాని, డాబా పిట్టగోడకు గాని తీగలతో బిగించిన పదునెనిమిది, ఇరువది అడుగుల ఇనుప గొట్టము. దాని కొనయందు రెండడుగుల డిష్ గొడుగు. గాలి వీచినపుడెల్ల గొట్టము ఊగును, గొడుగు తల త్రిప్పును, ఇంటిలోపల బొమ్మ గళ్లుగళ్లై నిలిచిపోవును. ఇంటివారు సెట్‌టాప్ పెట్టెను దూషింతురు, లేదా దానిని అమ్మినవానిని దూషింతురు. గొట్టమును దూషించినవారిని మేమొక్కరినైనను చూడలేదు.

ఈ పొడుగు గొట్టము వృథావ్యయము మాత్రమే కాదు, ప్రాణాపాయకరము కూడననియు, మన సంఘసభ్యుల ఇండ్లనుండి దీనిని దింపించుట సంఘము పూనుకొనవలసిన పనియనియు మా యభిప్రాయము. పెద్దలు కొందరు దీనిని అంగీకరింపకపోవచ్చును. వారు మా కారణములను ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

మొదట ఈ యలవాటు ఎట్లు వచ్చెనో చూతము. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన ప్రారంభమైనది. నాటి ప్రసారము నేలమీది గోపురమునుండి వెడలెడిది. ఆ తరంగములు ఇంచుమించు వెలుతురువలె తిన్నగా పోవును గాని భూమి వంపును అనుసరించి అంతగా వంగవు. గుట్ట అడ్డమైనచో దాని చాటున బలహీనమగును. కావున గోపురమునకు దూరమైనకొలది ఏంటెన్నాను ఎత్తునకు లేపవలసి వచ్చెడిది. అల్యూమినియపు కమ్ములను నిచ్చెనవలె కూర్చిన ఆ ఏంటెన్నాకు యాగీ ఏంటెన్నా యని పేరు. 1926లో జపానుదేశమున యాగీ, ఉదా యను నిద్దరు పండితులు దానిని కనిపెట్టిరి. టెలివిజను తీగ తగిలించు కమ్మి ఒకటి, దానికి వెనుక కొంచెము పొడవైనది ఒకటి, ముందు క్రమముగా పొట్టివి కొన్ని. వెనుకటిది తరంగమును త్రిప్పికొట్టును, ముందరివి దానిని తెచ్చి అందించును. ఎంత ఎత్తున కట్టిన అంత మేలు. ఆ కాలమునకు అది యథార్థము.

మేము మిషను పాఠశాల వసతిగృహమున చదువుకొను దినములలో ఆదివారము ఉదయము మహాభారతము ప్రసారమగు వేళకు పై తరగతి బాలుడొకడు మేడయెక్కి వెదురుగడను త్రిప్పెడివాడు. కిటికీయొద్ద ఒకడు నిలిచి "వచ్చింది, వచ్చింది, పోయింది, అట్టే ఉంచు" అని కేకలు వేసెడివాడు. గడ త్రిప్పినవానికి ఏనాడును ఆట చూచు భాగ్యము లేదు. నేడు నలుబదియేండ్లు దాటిన ప్రతివాని మనస్సునందును ఈ గడయే నాటుకొని యున్నది. టెలివిజను అనగా ఎత్తు, ఎత్తు అనగా మంచి బొమ్మ.

కాని కాలము మారినది. దూరదర్శనమువారు 2004 డిసెంబరునందు ఉపగ్రహముద్వారా నేరుగా ఇంటికి చేరు ఉచిత ప్రసారమును ఆరంభించిరి. దానినే నేడు డీడీ ఫ్రీడిష్ అనుచున్నాము. నేలమీది పాత గోపురముల ప్రసారమును, వ్యూహదృష్ట్యా ముఖ్యమని ఉంచిన కొన్ని స్థలములు తప్ప, 2022 మార్చి నెలాఖరునకు చాలింప నిర్ణయించి ఆపివేసిరి. కావున మన కప్పులపై ఇంకను మిగిలియున్న యాగీ ఏంటెన్నాలు కాకులు వ్రాలుటకు తప్ప పనికిరావు. చిక్కేమన, పాత ఏంటెన్నాను విప్పి ఆ గడకొననే క్రొత్త గొడుగును బిగించినారము. పనిముట్టు మారినది, పద్ధతి మారలేదు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చిన తరువాత దానికి కాడి కట్టజూచినట్లున్నది.

ఫ్రీడిష్ ప్రసారము జీశాట్-15 అను ఉపగ్రహమునుండి వచ్చుచున్నది. అది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల యెత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున, మనకు కదలనట్లు కనబడుచు నిలిచియున్నది. అంత దూరమున నున్నదానికి మనము ఇరువది అడుగులు దగ్గరగుటవలన లాభమేమి? ఈ ప్రశ్న ఒక గ్రామమున అడుగగా వృద్ధరైతు ఒకరు, "అది సరేనండీ, నా యింటి చుట్టూ కొబ్బరిచెట్లున్నాయి గదా, వాటిపైకి పోవద్దా?" అనిరి. ఇది తెలివైన ప్రశ్న. దీనికి లెక్కతోనే సమాధానము చెప్పవలెను.

మన తెలుగు జిల్లాలనుండి చూచినచో ఆ ఉపగ్రహము ఆగ్నేయపు వైపున, ఆకాశమున చాల పైకి ఉండును. హైదరాబాదునుండి 63 డిగ్రీలు, గుంటూరునుండి 65, విశాఖపట్టణమునుండి 66 డిగ్రీల యెత్తు. నడినెత్తి 90 డిగ్రీలు గదా; కావున అది దిగంతమునకంటె నడినెత్తికే దగ్గర. దీని ఫలితమేమన, చెట్టుగాని గోడగాని గొడుగుకంటె ఎన్ని అడుగులు ఎత్తున్నదో అందులో సగముకంటె కొంచెమెక్కువ దూరమున గొడుగును నిలిపిన చాలును, అడ్డము రాదు. గొడుగుకంటె నలుబది అడుగులు ఎత్తైన కొబ్బరిచెట్టు ఆగ్నేయమున నున్నను, దాని మట్టలు ముగియు చోటినుండి ఇరువదిరెండడుగులు ఎడముగా గొడుగు నుంచుడు. నేలమీద నుంచినను బొమ్మ వచ్చును. చెట్టు ఉత్తరముననో పడమటనో ఉన్నచో దాని యూసే లేదు. చెట్టును దాటుటకు పైకి పోనక్కరలేదు, ప్రక్కకు జరిగిన చాలును.

ఈ లెక్క తలకెక్కనివారికి సూర్యుడే సాక్షి. ఏటేట రెండుమారులు, మార్చి రెండవవారము చివరను, సెప్టెంబరు నెలాఖరునను, సూర్యుడు మన చూపునకు సరిగా ఆ ఉపగ్రహము వెనుకకు వచ్చును. మార్చిలో పగలు పదకొండుంబావు ప్రాంతమున, సెప్టెంబరులో పదకొండుకు కొంచెము ముందు. ఆ కొద్ది దినములలో ఆ వేళకు కొన్ని నిమిషములు బొమ్మ చెడుట సహజము. పెట్టె చెడినదని అంగడికి పరుగెత్తనక్కరలేదు. అదే సమయమున పెరటిలో ఎక్కడ ఎండ పడుచున్నదో అక్కడ గొడుగు నిలుపవచ్చును, ఎక్కడ చెట్టునీడ యున్నదో అక్కడ నిలుపరాదు. ఒక పుల్ల పాతి గుర్తు పెట్టుకొనుడు. ఏ మీటరును ఇంతకంటె చక్కగా స్థలము చూపజాలదు. పెరిగెడి చెట్టైనచో మాత్రము నాలుగేండ్ల తరువాతి కొమ్మలను గూడ తలచుకొనుడు.

ఇక గాలి. రెండడుగుల గొడుగు ఆకాశమున ఇంచుమించు మూడు డిగ్రీల మేర నుండి మాత్రమే తరంగమును చక్కగా గ్రహింపగలదు. అనగా నడిమినుండి ఇటు డిగ్రీన్నర, అటు డిగ్రీన్నర. పది అడుగుల గొట్టపు కొన నాలుగంగుళములు ఒరిగిన రెండు డిగ్రీలు తప్పినట్లే, బొమ్మ పోయినట్లే. పాత యాగీ ఏంటెన్నా ఇంత పట్టుదల గలది కాదు. కమ్ముల నడుమనుండి గాలి పోయెడిది, కొంత ప్రక్కకు తిరిగినను బొమ్మ మసకబారెడిదే గాని మాయమయ్యెడిది కాదు. గొడుగో, తెరచాపవలె గాలిని పట్టును. తెరచాపను ఇరువది అడుగుల సన్నని గొట్టమునకు కట్టి అది కదలరాదని కోరుట ఏమి న్యాయము?

1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు మన దేశమున ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా టెలివిజను పాఠములు చూపిరి. వ్యవసాయమును అందొక ముఖ్యవిషయము, ఆంధ్రప్రదేశ్ ఆ యారింటిలో నొకటి. ఆ గ్రామములందు వాడినది కోళ్లజాలితో చేసిన మూడు మీటర్ల వెడల్పు పళ్లెము. అంతటి పళ్లెమును గడకొనకు ఎత్తవలెనని ఎవరికైనను తోచునా? గొడుగు చిన్నదైనందువలననే మనకీ భ్రాంతి కలిగినది.

ఇంతవరకు చెప్పినది డబ్బును, బొమ్మను గూర్చి. ఇప్పుడు చెప్పబోవునది వ్రాయుటకు మాకు కష్టముగానున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేసిన మరియొక ప్రాంతమున, వరివిత్తనపు శుద్ధిని గూర్చి మాయొద్ద శ్రద్ధగా నేర్చుకొనిన యువరైతు ఒకడు, అన్నదమ్ములతో గూడి డాబాపై ఇనుప గొట్టమును నిలువనెత్తుచుండెను. ఇంటిప్రక్కగా 11,000 వోల్టుల తీగ పోవుచున్నది. గొట్టము నిలువక ఒరిగినది. తీగకు తగిలినది. మేము మరునాడు ఆ యింటికి పోయితిమి. ఆ గొట్టము ఇంకను డాబామీదనే పడియున్నది, ఎవరును ముట్టుటకు సాహసింపలేదు. గొడుగు బిగించుటకు వచ్చినవాడు అడుగునకింత యని గొట్టమునకు వెలకట్టి, ఎత్తు పెరిగినకొలది బొమ్మ బాగుండునని చెప్పి ఇరువది అడుగులది అమ్మినాడని ఆ పెద్దలు మాతో ననిరి. ఆ మాట మేము మరువజాలకున్నాము. నాలుగడుగుల గొట్టముతో తీరెడి పని అది.

కావున తీగ సమీపమున ఏ గొట్టమును, అది ఇనుపదైనను, తడిసిన వెదురైనను, నిలువనెత్తరాదు. గొట్టము నేలకు ఎటు కూలినను దాని కొన తీగకు అందని దూరముండవలెను. అది కనీస నియమము, ఇంకను ఎడముంచుట మంచిది. ఇప్పటికే ఎత్తి యున్నవానిని దింపదలచినపుడు లైన్‌మన్‌ను పిలిపించి కరెంటు నిలిపించిన తరువాతనే చేయి వేయవలెను. గొట్టము తీగపై పడినచో దానిని పట్టుకొనియున్న మనిషిని చేతితో లాగబోకుడు. అట్లు లాగబోయి రెండవవాడును పోవును.

ఇక నిలుపు పద్ధతి. రెండంగుళముల లావుగల మందపు గొట్టము, డాబామీద నైనచో పిట్టగోడలోపల మూడు నాలుగడుగుల ఎత్తు చాలును. పెరటిలోనైనచో రెండడుగుల లోతు గుంట తీసి కంకర, సిమెంటు పోసి నాటవలెను. పశువులు ఒరసికొనకుండ చుట్టు ముళ్లకంప వేయవలెను, ఏలయన గేదె వీపు గీరుకొనుటకు ఇంతకంటె అనువైనది దానికి దొరకదు. గొట్టము నిట్టనిలువుగా ఉన్నదా యని తాపీవాని తూకపుగుండుతో రెండువైపుల చూడవలెను. ఇది చాలమంది విడిచిపెట్టెడి పని. గొట్టము ఒరిగియున్నచో ప్రక్కకు త్రిప్పినపుడెల్ల ఎత్తు కూడ మారిపోవును, వెదకువానికి దారి తప్పును. సిమెంటు మూడు దినములు తడుపుచు ఆరనిచ్చిన పిమ్మటనే గొడుగు నెక్కింపవలెను. ఇంటివారు తొందరపెట్టుదురు, లొంగరాదు.

దిక్కునకు దిక్సూచిని ఇనుప గొట్టమునకు దూరముగా నిలిచి చూడవలెను, లేనిచో ముల్లు గొట్టమువైపే తిరుగును. దక్షిణమునుండి తూర్పునకు హైదరాబాదు ప్రాంతమున 42 డిగ్రీలు, గుంటూరు ప్రాంతమున 40, విశాఖపట్టణము ప్రాంతమున 31 డిగ్రీలు. ఎత్తు విషయమున ఒక మోసమున్నది. మన యిండ్లకు వచ్చు గొడుగు ముఖము చూచు దిక్కు వేరు, అది వినెడి దిక్కు వేరు. దాని బాహువు క్రిందినుండి వచ్చుటచేత, ముఖము చూచుచున్నట్లు తోచు చోటుకంటె ఇరువది డిగ్రీలకు పైగా ఎత్తునుండి అది తరంగమును గ్రహించును. ఇది తెలియనివారు ముఖమును ఆకాశమునకు వెల్లకిల త్రిప్పి, అందు వాననీరు నిలుపుకొని, బొమ్మ రాలేదని విచారింతురు. వెల్లకిల వేయక, కొంచెము కొంచెముగా ఒక్కొక్క వ్రేలి వెడల్పు కదల్చి, కదల్చిన ప్రతిసారి కొన్ని క్షణములు ఆగి చూడవలెను. డిజిటలు బొమ్మ పాతదానివలె మెల్లగా రాదు. ఆలస్యముగా వచ్చును, వచ్చిన ఒక్కసారిగా వచ్చును.

తీగ విషయమున లోభింపకుడు. గొడుగు బాహువు చివరనున్న ఎల్.ఎన్.బి. యనెడి చిన్న సాధనము పెట్టెనుండి తీగద్వారా వచ్చు 13 లేక 18 వోల్టుల విద్యుత్తుతో పనిచేయును. కావున పెట్టె ఆర్పకుండ తీగను విప్పుట గాని తగిలించుట గాని చేయరాదు. తీగ ఇంటిలోనికి దూరుటకుముందు ఉయ్యాలవలె క్రిందికి వంచి లోనికి పోనిచ్చినచో వాననీరు ఆ వంపునొద్దనే కారిపోవును. బిగింపుల యందు నీరు చేరకుండ రబ్బరు పట్టీ చుట్టవలెను. బొమ్మ చెడుటకు సగము కారణములు ఆ చిన్న బిగింపుల లోపలి చిలుమునందే మాకు కనబడినవి. గొట్టమునకు ఎర్తు తీగ వేయవలెను. ఉరుములు వినబడగానే పెట్టెను ఆర్పి తీగను విప్పి ప్రక్కన పెట్టవలెను. ఎర్తు ఉన్నదిగదా యని పిడుగును నమ్మరాదు.

ఇంతయు చేసినను ఈ సాధనమునకు ఒక లోపమున్నదని దాచక చెప్పుట మా ధర్మము. జోరువాన కురిసినపుడు ఈ తరంగము వానచినుకులలోనే క్షీణించును. గొడుగు పెద్దదైన కొంత మేలు గాని పూర్తిగా తీరదు. తుపాను వచ్చినపుడు, అనగా వార్త మిక్కిలి కావలసిన వేళకు, బొమ్మ పోవును. దానికంటె ముందే కరెంటును పోవును. హైదరాబాదు కేంద్రము ప్రారంభమైన నెల తిరుగకుండగనే, 1977 నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచినది. తీరపు గ్రామములవారికి వార్త విలువను మేము నేర్పనక్కరలేదు. గొడుగు ఉన్నది గదా యని బ్యాటరీ రేడియోను పారవేయవలదని మాత్రము చెప్పుచున్నాము.

మరి సెల్‌ఫోను ఉండగా ఈ గొడుగేల యని యువకులడుగుదురు. సెల్‌ఫోను ఒక్కరి చేతిలో నుండును, ఆ ఒక్కరును పొలమునకు పోయినపుడు దానిని వెంట గొనిపోవుదురు. ఇంటిలోని ముసలివారికి, విత్తనము దాచు ఆడవారికి, పెరటికోళ్లు పెంచు తల్లులకు గోడమీది బొమ్మయే తగినది. 2015 మే 26న ఆరంభమైన డీడీ కిసాన్ చాల మట్టుకు హిందీలో నడచుచున్నందున మనవారికి అంతగా పట్టుబడలేదు. సప్తగిరి, యాదగిరి చానళ్లలోని తెలుగు వ్యవసాయ కార్యక్రమములే మేలు. నెలనెల చందా లేదు. ఒక్కసారి గొడుగు, పెట్టె, తీగ కొనిన చాలును. ఆ ఒక్కసారి పెట్టెడి డబ్బులో గొట్టపు పొడవునకు పోవు భాగమును మందమైన గొట్టమునకు, మంచి తీగకు, సిమెంటునకు మళ్లింపుడనుటయే మా వాదము.

సంఘము చేయదగినది పెద్దదేమియు కాదు. ఒక దిక్సూచి, ఒక సిగ్నలు మీటరు, రెండు స్పానరులు, ఒక తూకపుగుండు సంఘ కార్యాలయమున నుంచి సభ్యులకు ఎరువులమీద వాడెడి చేతిపంపువలె వంతులవారీగా ఇయ్యవచ్చును. తీగను చుట్టలుగా కొని మీటరు లెక్కన అసలు ధరకు ఇయ్యవచ్చును. గ్రామమునకొక యువకునికి ఈ పని నేర్పి, గొట్టపు అడుగుల లెక్కన గాక ఇంటికింత యని కూలి నిర్ణయించినచో, అవసరములేని ఎత్తును అమ్మవలెనను ఆశ ఎవరికిని ఉండదు. దీనికి ఖర్చెక్కడిదని కార్యవర్గమున ఒకరు మమ్ము అడిగిరి. ఒక్కొక్క యింట వృథాగా నిలిచియున్న ఇరువది అడుగుల గొట్టమునుండి పదునారడుగులు కోసి అమ్మిన ఎంత వచ్చునో వారే లెక్క కట్టుదురుగాక.

వచ్చు సర్వసభ్య సమావేశము నాడు ఉదయము తొమ్మిది గంటలకు సంఘ కార్యాలయపు పెరటిలో, ఆగ్నేయమున వేపచెట్టు ఉండగనే, నాలుగడుగుల గొట్టముమీద ఒక గొడుగు నిలిపి చూపుదుము. గుంట ముందుగనే త్రవ్వి సిమెంటు పోయించి యుంచెదము. తమ యింటి పెట్టె చెడినదని తలచువారు దానిని తెచ్చినచో ఆ గొడుగునకే తగిలించి చూతము.